రాత్రి 3 దాకా నిద్ర రావట్లేదు, బాడీ క్లాక్ అనేది నిజంగా ఒంట్లో ఉంటుందా, దాన్ని మార్చుకోవచ్చా?

రాత్రిపిట్ట:
అందరికీ నమస్తే. ఇది నాకు చాలా ఏళ్ళుగా ఉన్నదే గానీ ఉద్యోగం మారాక బాగా ఇబ్బందైపోయింది, అందుకే అడుగుతున్నా. రాత్రి రెండున్నర మూడు అయితే గానీ నాకు నిద్ర రాదు. పదిన్నరకే లైట్లు ఆపేసి ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకున్నా సరే అటూ ఇటూ దొర్లడమే, మూడు దగ్గర పడిందంటే మాత్రం టక్కున పట్టేస్తుంది. పట్టాక మంచి నిద్రే, మధ్యలో మెలకువ కూడా రాదు, సెలవు రోజైతే పదకొండింటికి దానంతటదే లేస్తాను, ఆ రోజు ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉంటుందో చెప్పలేను. ఆఫీసు రోజుల్లో ఏడింటికి అలారం పెట్టుకుని లేవాలి, మధ్యాహ్నం దాకా ఎవరేం చెప్తున్నారో బుర్రకెక్కదు, సాయంత్రం ఆరు దాటాక మెల్లగా హుషారొస్తుంది, రాత్రి పదకొండు పన్నెండుకైతే రోజు మొత్తంలో నేను బాగా పనిచేసే టైం అదే అనిపిస్తుంది.

ఇంట్లో వాళ్ళు బద్ధకం అంటున్నారు. మా చెల్లి పదింటికల్లా నిద్రపోతుంది, ఐదింటికి అలారం లేకుండా లేస్తుంది. ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే అలవాట్లు, మరి ఇంత తేడా ఎందుకు? బాడీ క్లాక్ బాడీ క్లాక్ అంటారు కదా, అది ఒంట్లో నిజంగా ఒక చోట ఉండే వస్తువా లేక మాటవరసకి అంటారా? ఉంటే దాన్ని ముందరికి జరుపుకోవచ్చా? మెలటోనిన్ మాత్రలు వేసుకోమని ఒకరు చెప్పారు, అవి నిద్రమాత్రల్లాంటివేనా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సూర్యోదయం77:
సింపుల్ అండి. రేపట్నుంచి ఐదింటికి లేవండి, లేచి బయటికెళ్ళి వెలుతురులో ఒక అరగంట నడవండి. రాత్రికి అలిసిపోయి అదే నిద్ర వస్తుంది. నేను అలాగే చేశాను, నాకు సెట్టయింది.

జువాలజీ_పిచ్చి:
రాత్రిపిట్ట గారూ, ముందు మీ మొదటి ప్రశ్న. ఉంది, నిజంగా ఉంది, తలలో ఒక చోట ఉంది. కళ్ళ నుంచి వచ్చే రెండు నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటుకునే చోటికి సరిగ్గా పైన, హైపోథాలమస్ అనే భాగం‌లో, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని ఉంటుంది, పొట్టిగా ఎస్‌సీఎన్ అంటారు. రెండు వైపులా కలిపితే సుమారు 20,000 న్యూరాన్లు, అంతే. 1972లో రెండు వేర్వేరు ల్యాబులు ఎలుకల్లో ఆ చిన్న ముక్కని పాడుచేసి చూస్తే వాటి దినచర్య మొత్తం చెల్లాచెదురైపోయింది, ఎప్పుడు పడితే అప్పుడు నిద్ర, ఎప్పుడు పడితే అప్పుడు తిరగడం.

ఇంతకన్నా నాకు ఒళ్ళు గగుర్పొడిచే ప్రయోగం ఇంకోటుంది. హామ్‌స్టర్లలో (ఎలుక లాంటి చిన్న జంతువులు) ఒక రకం మ్యూటెంట్లు, అంటే జీన్ మారిపోయినవి, ఉన్నాయి, వాటికి రోజు 24 గంటలు కాదు, దాదాపు 20 గంటలే. 1990లో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనకర్ వాళ్ళ బృందం ఏం చేశారంటే, మామూలు హామ్‌స్టర్‌లో ఎస్‌సీఎన్ తీసేసి ఆ 20 గంటల మ్యూటెంట్ పిండాల నుంచి తీసిన ఎస్‌సీఎన్ కణజాలాన్ని దాని తలలో పెట్టారు. అది మళ్ళీ క్రమంగా నిద్రపోవడం లేవడం మొదలుపెట్టింది, కానీ 20 గంటల లెక్కన! ఒళ్ళు పాతదే, అలవాట్లు పాతవే, టైం మాత్రం ఆ ముక్క ఎవరిదో వాళ్ళది. బాడీ క్లాక్ ఊరికే అనే మాట కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలండీ.

మెదడు లేని వాటిక్కూడా ఉంది ఇది. 1729లోనే డి మైరాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కని చీకట్లో పెట్టి చూశాడు, ఎండ తగలకపోయినా పగలు ఆకులు విప్పింది రాత్రి ముడిచింది. అంటే బయట వెలుతురు చూసి చేసే పని కాదు, లోపలే లెక్క నడుస్తోంది. మనుషుల్లో ఐతే మిషెల్ సిఫ్ర్ అని ఇంకో ఫ్రెంచాయన, 1962లో గడియారం లేకుండా రెండు నెలలు భూమి లోపల గుహలో ఒంటరిగా ఉన్నాడు. సెప్టెంబర్ 14న బయటికి రమ్మంటే ఆయన లెక్కలో అది ఇంకా ఆగస్టు 20! మనసు అంత లెక్క తప్పింది, నిద్ర మెలకువల చక్రం మాత్రం 24 గంటల కంటే కాస్త ఎక్కువలో బుద్ధిగా తిరుగుతూనే ఉంది.

ఇక మీకూ మీ చెల్లికీ తేడా ఎందుకు అనేదానికి జీన్స్‌లోకి వెళ్ళాలి. 1971లో కొనోప్కా, బెంజర్ అనే ఇద్దరు పండ్ల ఈగల్లో ఒక జీన్ పట్టుకున్నారు, పీరియడ్ అని దాని పేరు. ఆ ఒక్క జీన్‌లో మార్పు ఒక రకంగా వస్తే ఈగ రోజు 19 గంటలు, ఇంకో రకంగా వస్తే 28 గంటలు, మూడో రకంగా వస్తే అసలు లయే లేదు. తర్వాత హాల్, రాస్‌బాష్, యంగ్ అది ఎలా పనిచేస్తుందో విప్పి చూపించారు, 2017లో నోబెల్ వచ్చింది వాళ్ళకి. ఆ జీన్ నుంచి తయారైన ప్రోటీన్ రాత్రంతా కణంలో పేరుకుంటూ పోతుంది, తగినంత అయ్యాక కణం మధ్యలో జీన్స్ ఉండే కేంద్రకం, అంటే న్యూక్లియస్‌లోకి వెళ్ళి తన జీన్‌నే ఆపేస్తుంది, ఆపాక ఉన్న ప్రోటీన్ మెల్లగా అరిగిపోతుంది, అరిగాక జీన్ మళ్ళీ మొదలవుతుంది. ఈ చుట్టు ఒకసారి తిరగడానికి పట్టే టైమే ఒక రోజు. మన కణాల్లోనూ దాదాపు ఇదే పద్ధతి.

2001లో ఒక కుటుంబాన్ని పరిశీలిస్తే పెర్2 అనే జీన్‌లో మార్పు దొరికింది, ఆ మార్పు ఉన్నవాళ్ళకి సాయంత్రం ఏడున్నర ప్రాంతంలోనే నిద్ర ముంచుకొస్తుంది, నాలుగు నాలుగున్నరకే లేచి కూర్చుంటారు. 2017లో దానికి ఉల్టా దొరికింది, క్రై1 అనే జీన్‌లో ఒక మార్పు క్లాక్‌ని సాగదీస్తుంది, వాళ్ళు మీలాగా చాలా లేటుగా పడుకునేవాళ్ళు. మీకు అదే ఉందని నేననట్లేదు, చాలామందిలో ఇది బోలెడు జీన్స్ కలిసి చేసే పని, వయసూ వెలుతురూ కూడా కలుస్తాయి. కానీ మీ ఇంట్లో వాళ్ళకి ఒక్క మాట చెప్పండి, సెలవు రోజు పదకొండింటిదాకా పడుకునే మీరూ ఐదింటికి లేచే మీ చెల్లీ ఇద్దరూ పడుకునేది అటూ ఇటూగా ఏడెనిమిది గంటలే. బద్ధకం ఎక్కడుంది ఇందులో?

రాత్రిపిట్ట:
ఈ చివరి లెక్క నేనెప్పుడూ వెయ్యలేదు. చాలా థాంక్స్ అండి, మా అమ్మకి చదివి వినిపిస్తా. ఇంకో డౌట్, అంత అలిసిపోయి ఉన్నా పదిన్నరకి ఎందుకు రాదు నిద్ర? పొద్దున్న మూడు నాలుగు గంటల నిద్రతో లేచినవాడికి రాత్రి పదికే కుప్పకూలిపోవాలి కదా?

వెలుతురు_లెక్క:
ఇది చాలా మంచి ప్రశ్న, నేను ఈ సమస్యతోనే చాలా కాలం పడ్డాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

నిద్ర రావడానికి రెండు వేర్వేరు లెక్కలు నడుస్తుంటాయి, 1982లో బోర్బెలీ అనే ఆయన పెట్టిన మోడల్ ఇది. ఒకటి, మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర భారం, మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం అందులో ఒక భాగం, కాఫీలో కెఫీన్ చేసే పని కూడా ఆ అడినోసిన్‌ని అడ్డుకోవడమే, తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి సాయంత్రం కాఫీ మానండి. రెండోది క్లాక్. ఈ క్లాక్ రోజంతా, మేలుకో మేలుకో అని ఒక సిగ్నల్ పంపుతూ ఉంటుంది, విచిత్రం ఏంటంటే ఆ సిగ్నల్ అన్నిటికంటే బలంగా ఉండేది మనకి మామూలుగా నిద్ర పట్టే టైంకి రెండు మూడు గంటల ముందు. రోజంతా పేరుకున్న భారాన్ని తట్టుకుని చివరిదాకా నిలబెట్టాలి కదా అందుకు. మీకు నిద్ర టైం మూడు, అంటే పదకొండు నుంచి ఒంటిగంట దాకా మీ క్లాక్ ఫుల్ ఫోర్స్‌లో ఉంది, మీరే రాశారు అదే మీ బెస్ట్ టైం అని. పదిన్నరకి పడుకోవడం అంటే సరిగ్గా ఆ సిగ్నల్ ఎక్కే టైంలో నిద్ర కోసం యుద్ధం చెయ్యడం. మీ తప్పేం లేదు అందులో. అందుకే ముందు క్లాక్‌ని జరపాలి, నిద్ర దాని వెనకాలే వస్తుంది, ముందే మంచం ఎక్కడం వల్ల ఏమీ జరగదు.

ఇప్పుడు అసలు విషయం. సూర్యోదయం77 గారు మంచి మనసుతోనే చెప్పారు, వాళ్ళకి పనిచేసింది కూడా నిజమే అయ్యుంటుంది, కానీ రాత్రిపిట్ట గారూ మీరు మాత్రం రేపే ఐదింటికి లేచి వెలుతురులోకి వెళ్ళకండి. వెలుతురు క్లాక్‌ని ఏ వైపు జరుపుతుందనేది అది పడిన టైంని బట్టి ఉంటుంది, గోడ మీద టైం కాదు, మీ లోపలి టైం. రాత్రంతా ఒంటి ఉష్ణోగ్రత తగ్గుతూ వచ్చి ఒక చోట అడుగుకి చేరుతుంది, అలారం లేకుండా మీరు లేచే టైంకి రెండు మూడు గంటల ముందు ఉంటుందది సుమారుగా. ఆ అడుగుకి ముందు గంటల్లో కంట్లో వెలుతురు పడితే క్లాక్ దాన్ని ఇంకా సాయంత్రమే అనుకుని లేటుకి జరుగుతుంది. ఆ అడుగు దాటాక పడితే, ఓ తెల్లారిపోయింది అనుకుని ముందరికి జరుగుతుంది. ఐదింటికి లేచే మనిషికి అడుగు రెండు మూడు గంటలకే అయిపోతుంది కాబట్టి ఐదింటి వెలుతురు మంచిది. మీరు పదకొండింటికి లేచే మనిషి, మీ అడుగు ఎనిమిది తొమ్మిది మధ్యలో ఎక్కడో ఉంటుంది, మీకు ఐదింటి వెలుతురు అంటే అర్ధరాత్రి ఫ్లడ్‌లైట్ వేసినట్టే, క్లాక్ ఇంకా లేటైపోతుంది. చాలామంది రెండు మూడు రోజులు ఇలా చేసి, నాకు పనిచెయ్యలేదని వదిలేసేది ఇక్కడే, నాకు దీని గురించి ఎంత చెప్పినా తనివితీరదు.

మరి ఏం చెయ్యాలంటే, ఒక వారం సెలవు దొరికితే అప్పుడు మొదలుపెట్టండి. మొదటి రోజు మీరు మామూలుగా లేచే టైంకే లేచి వెంటనే బయట వెలుతురులోకి వెళ్ళండి, అరగంట తక్కువ కాకుండా. ఒకటి రెండు రోజులకోసారి లేచే టైం అరగంట ముందుకి తెచ్చుకోండి, లేవగానే మళ్ళీ వెలుతురు. కిటికీ పక్కన కూర్చోవడం చాలదు. గదిలో లైట్లు వేసుకుంటే ఉండేది మామూలుగా 100 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత), మబ్బు పట్టిన రోజు కూడా బయట కొన్ని వేల లక్స్ ఉంటుంది, నేరు ఎండైతే లక్ష దాకా పోతుంది. మన కంటికి ఈ తేడా తెలియదు, అడ్జస్ట్ చేసేసుకుంటుంది, క్లాక్‌కి మాత్రం బాగా తెలుస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడక్కర్లేదు, చూడకూడదు కూడా.

సాయంత్రం దీనికి ఉల్టా. పడుకోవాలనుకున్న టైంకి రెండు మూడు గంటల ముందు నుంచీ ఇంట్లో పైన ఉన్న పెద్ద లైట్లు ఆపేసి చిన్న దీపం ఒకటి ఉంచుకోండి. ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టా కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. క్లాక్ కోసం వెలుతురుని లెక్కపెట్టే కణాలు రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక పొరలో, వేరే ఉన్నాయి, మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది వాటిలో, అవి 480 నానోమీటర్ల దగ్గర నీలి వెలుతురుకి ఎక్కువ స్పందించేది నిజమే, కానీ వెలుతురు మొత్తం ఎంత అనేదీ ముఖ్యమే కదా, పసుపు రంగు ఫోన్ పట్టుకుని ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటే ఉపయోగం ఏముంది?

నైట్‌డ్యూటీ_నర్స్:
వెలుతురు గురించి రాసింది అక్షరాలా నిజం. నేను ఆస్పత్రిలో రొటేషన్ షిఫ్టులు చేస్తాను. తెల్లారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఎంత అనుభవం ఉన్నా చలి పుడుతుంది, చెయ్యి నెమ్మదిస్తుంది, మందు డోసు లెక్క రెండుసార్లు చూసుకోవాల్సిందే అని కొత్త పిల్లలకి మేం మొదటిరోజే చెప్తాం. ఒంటి వేడి అడుగున ఉండే టైం అదే. తిండి సంగతి కూడా చెప్పాలి, లివర్‌కి కూడా సొంత క్లాక్ ఉంటుందట, అది మెదడు మాటతో పాటు మనం తినే టైం కూడా చూసి సెట్ అవుతుంది, రాత్రి రెండింటికి కడుపు నిండా తింటే మెదడు రాత్రి అంటుంది లివర్ పగలు అంటుంది. అందుకే నేను డ్యూటీకి ముందే భోజనం చేసేసి మధ్యలో కొంచెమే తీసుకుంటాను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2007లో బాడీ క్లాక్‌ని చెడగొట్టే షిఫ్ట్ పనిని బహుశా క్యాన్సర్ కారకం అనే గ్రూపులో పెట్టింది, 2019లో మళ్ళీ చూసి అదే గ్రూపులో ఉంచింది. రాత్రిళ్ళు ఎవరో ఒకరు మేలుకోక తప్పదు, కనీసం షిఫ్టులు వేసే పద్ధతైనా మనిషి ఒంటిని చూసి వెయ్యాలని నా బాధ.

జువాలజీ_పిచ్చి గారూ ఒక డౌట్, మాకు మార్నింగ్ నుంచి ఈవెనింగ్, ఈవెనింగ్ నుంచి నైట్ అలా వేస్తే కాస్త తట్టుకుంటాం, నైట్ నుంచి ఈవెనింగ్, మళ్ళీ మార్నింగ్ అలా వెనక్కి వేస్తే మాత్రం ప్రాణం పోతుంది. కారణం ఉందా?

జువాలజీ_పిచ్చి:
ఉందండీ. మనిషి క్లాక్ వదిలేస్తే సరిగ్గా 24 గంటలు తిరగదు, 1999లో చార్లెస్ సైస్లర్ బృందం జాగ్రత్తగా కొలిస్తే సగటున 24 గంటల 11 నిమిషాలు వచ్చింది. అంటే దాని సొంత ధోరణే కొంచెం కొంచెంగా లేటవడం. రోజూ వెలుతురు దాన్ని ఆ పదకొండు నిమిషాలు ముందరికి లాగి సరిచేస్తుంది. లేటుగా పడుకోవడం క్లాక్‌కి ఇష్టమైన దారి, ముందుగా పడుకోవడం ఎదురీత. విమానంలో పడమరకి వెళ్తే తొందరగా సర్దుకుని తూర్పుకి వెళ్తే ఎక్కువ రోజులు ఇబ్బంది పడేది కూడా ఇందుకే. మీ షిఫ్టులు లేటయ్యే దిక్కుగా, అంటే మార్నింగ్ ఈవెనింగ్ నైట్ అనే వరసలో వెయ్యమని గట్టిగా అడగండి మేడం, అది మీ సుఖం కోసం అడగడం కాదు, ఆ డోసు లెక్కలు వేసేది మీరే కదా.

ఇద్దరి_నాన్న:
మధ్యలో వచ్చి అడుగుతున్నా ఏమనుకోకండి. మా పెద్దవాడికి పదహారేళ్ళు, వాడూ ఇంతే, రాత్రి పన్నెండున్నర, పొద్దున్నే లేపడం రోజూ యుద్ధం. ఇది కూడా క్లాకేనా లేక ఫోనా?

వెలుతురు_లెక్క:
రెండూ, కానీ క్లాక్ వాటా పెద్దది. యుక్తవయసు మొదలైన దగ్గర్నుంచి క్లాక్ లేటవుతూ పోతుంది, పంతొమ్మిది ఇరవై దాకా, తర్వాత మెల్లగా మళ్ళీ ముందరికి వస్తుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 2014లోనే, హైస్కూళ్ళు ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. వాణ్ణి తిట్టకండి అన్నా, రాత్రి గదిలో వెలుతురు తగ్గించండి, సెలవు రోజు మరీ మధ్యాహ్నం దాకా పడుకోనివ్వకండి, అంతకుమించి ఆ వయసులో మీ చేతిలో పెద్దగా లేదు.

చీకటి_తెలుసు:
మెలటోనిన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. మా అన్నయ్యకి రెండు కళ్ళూ పూర్తిగా కనపడవు, వెలుతురు కూడా తెలియదు. పైన చెప్పిన ఆ కొన్ని నిమిషాల తేడాని రోజూ సరిచేసేది వెలుతురే కదా, తనకి అది అందదు, అందుకని తన నిద్ర టైం రోజూ కాస్త కాస్త జరిగిపోతూ ఉంటుంది, కొన్ని వారాలు రాత్రి నిద్ర, కొన్ని వారాలు పట్టపగలు నిద్ర. చూపు లేనివాళ్ళందరికీ ఇలా ఉండదట, చూపు పోయినా రెటీనాలో ఆ మెలనాప్సిన్ కణాలు బతికి ఉంటే క్లాక్‌కి వెలుతురు అందుతూనే ఉంటుందని డాక్టర్ చెప్పారు. తనకి డాక్టర్ రోజూ ఒకే టైంకి మెలటోనిన్ ఇచ్చాక నిద్ర ఒక చోట నిలబడింది.

అందుకని నేను గట్టిగా చెప్పేది, అది నిద్రమాత్ర కాదు. చీకటి పడగానే మెదడులోని పీనియల్ గ్రంథి వదిలే హార్మోన్ అది, రాత్రైందని ఒంటికంతా కబురు చెప్తుంది, వెలుతురు పడితే ఆగిపోతుంది. క్లాక్‌ని జరపడానికి ఐతే తక్కువ డోసు, మామూలుగా నిద్ర పట్టే టైంకి కొన్ని గంటల ముందు తీసుకోవాలి. పడుకునే ముందు పెద్ద డోసు వేసుకుంటే క్లాక్ పెద్దగా జరగదు. టైం తప్పితే ఉల్టా కూడా కొట్టొచ్చు, సొంతంగా కొనుక్కుని వేసుకోకండి, డాక్టర్‌ని అడిగి వేసుకోండి.

రాత్రిపిట్ట:
అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. వచ్చే నెల నాకు సెలవులున్నాయి, అప్పుడు వెలుతురు_లెక్క గారు చెప్పినట్టే పదకొండు నుంచి మొదలుపెట్టి అరగంట అరగంట తగ్గిస్తాను. ఒకటే భయం, సెలవుల్లోగా ఏడున్నర దాకా తెచ్చుకున్నా శనాదివారాల్లో మళ్ళీ పదకొండుకి లేస్తే పోతుందా? అప్పటిదాకా ఆఫీసు రోజుల్లో ఏడింటికి లేచేది ఎలాగూ తప్పదు, ఆ వెలుతురు నాకు చెరుపు చేస్తుందన్నమాటేగా?

వెలుతురు_లెక్క:
పోతుంది, నిజం చెప్పాలి కదా. మీ లాంటి క్లాక్‌కి లేటవడమే సులువైన దారి కాబట్టి రెండు రోజులు వదిలేసినా చాలా దూరం జారిపోతుంది. శనాదివారాలు కూడా మామూలుగా లేచే టైంకి గంట దాటకుండా లేవండి, నిద్ర చాలకపోతే మధ్యాహ్నం ఒక ఇరవై నిమిషాలు కునుకు తియ్యండి, పొద్దున్న మాత్రం కదపొద్దు. సెలవులు వచ్చేలోపు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చలవ కళ్ళద్దాలు పెట్టుకోండి, తొమ్మిదిన్నర పది దాటాక ఒకసారి బయటికొచ్చి పది పదిహేను నిమిషాలు అద్దాలు లేకుండా నిలబడండి. సెలవుల్లో లేచే టైం జరిగేకొద్దీ ఆ అడుగు కూడా జరుగుతుంది కాబట్టి ఈ టైం కూడా మారుతూ పోతుంది.

ఇప్పట్నుంచే ఒక పుస్తకంలో రోజూ పడుకున్న టైం, నిద్ర పట్టిందనుకున్న టైం, లేచిన టైం రాసిపెట్టుకోండి, కనీసం రెండు వారాలు, సెలవు రోజులతో కలిపి. సెలవుల్లో ఇంత చేసినా జరగకపోతే ఆ పుస్తకం తీసుకుని నిద్ర సమస్యలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, డిలేడ్ స్లీప్ వేక్ ఫేజ్ డిజార్డర్ అని దీనికి పేరే ఉంది, వాళ్ళు మొదట అడిగేది కూడా ఆ రాత లెక్కలే.